‘గజ్జెలు విప్పిన కూచిపూడి’ అంటున్నారు. ఉద్యోగం మానేసి డాన్స్‌లోకి రావచ్చా?

పేరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. ఆమె వయసు 24 ఏళ్లు. సొంత ఊరు ప్రకాశం జిల్లాలోని ఒక పల్లె. ఎనిమిదో ఏట మొదలుపెట్టి పదకొండేళ్ల పాటు ఒకే గురువుగారి దగ్గర కూచిపూడి నేర్చుకున్నారు. ఇంజనీరింగ్ పూర్తిచేసి మూడేళ్లుగా హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నారు. నెలకు 62,000 రూపాయలు చేతికి వస్తే, తండ్రి చేసిన అప్పు వాయిదాలకు 20,000 ఇంటికి పంపుతున్నారు. ఇప్పటిదాకా దాచుకున్నది 3,80,000. శని, ఆదివారాల్లో సమకాలీన నృత్య (కంటెంపరరీ డాన్స్) తరగతులకు వెళ్తున్నారు. పెళ్లిళ్ల సీజన్‌లో సంగీత్ కార్యక్రమాలకు పెళ్లివారి బంధువులకు డాన్స్ నేర్పి ఒక్కో పెళ్లికి పదిహేను వేల వరకు సంపాదిస్తున్నారు. ఈ పని గురించి తోటి డాన్సర్లకు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుందని రాశారు.

గత ఏడాది ఆమె తొమ్మిది నిమిషాల సోలో ఒకటి సొంతంగా కూర్చుకున్నారు. ఆమె నాయనమ్మ చాలా ఏళ్లు పొగాకు బ్యారన్ (పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే గది) దగ్గర కూలి పని చేశారు. కర్రలకు ఆకు కట్టే ఆ పనే సోలోకు వస్తువు. చూసినవాళ్లలో సమకాలీన నృత్యం చేసే స్నేహితురాలు ‘ఇది గజ్జెలు విప్పిన కూచిపూడి’ అన్నారు. ఎవరి ఫోన్‌లోనో ఆ వీడియో చూసిన గురువుగారు ‘ఇది కూచిపూడి కానే కాదు, అడుగు పాడుచేసుకున్నావు’ అన్నారని తెలిసింది. అప్పటి నుంచి ఆమె గురువుగారి ఎదుటికి వెళ్లలేకపోతున్నారు. ఇప్పుడు బెంగళూరులో ఏడాది పాటు పూర్తికాలపు శిక్షణకు వెళ్లాలని ఆమెకు ఉంది. ఇంతలో ఒక సినిమా డాన్స్ మాస్టర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరమని పిలుపు వచ్చింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. తమ్ముడు బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నాడు. ఎడమ మోకాలు క్లాసు తర్వాత రెండు రోజులు నొప్పిగా ఉంటోంది. ‘నేను ఆలస్యం చేశానా? ఉద్యోగం మానేయనా? అసలు నేను డాన్సర్‌నా, కొరియోగ్రాఫర్‌నా?’ అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ప్రశ్నల్లో చివరిదాన్ని ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే మిగిలిన రెండింటి జవాబు దాని మీదే ఆధారపడి ఉంది. డాన్సర్‌గా బతకడానికీ కొరియోగ్రాఫర్‌గా ఎదగడానికీ వయసు లెక్క ఒకటి కాదు. మీరు రెండింటినీ కలిపి చూస్తున్నందువల్ల ఇంత తొందర, ఇంత భయం కలుగుతున్నాయని నాకు అనిపిస్తోంది. ఇతరుల రచనల్లో నర్తించే డాన్సర్‌కు ఇరవైల నుంచి ముప్పైల నడిమి దాకా ఉండే శరీరమే పెట్టుబడి. నృత్యం కూర్చేవారికి అలాంటి గడువు లేదు. చెన్నైలో చంద్రలేఖ గారి జీవితం చూడండి. 1928లో పుట్టిన ఆమె భరతనాట్య నర్తకిగా పేరు తెచ్చుకుని, వేదికకు ఎన్నో ఏళ్లు దూరంగా ఉండి, భరతనాట్యాన్నీ యోగానూ కేరళ యుద్ధవిద్య కలరిపయట్టునూ ఒకచోట చేర్చిన ‘అంగిక’ను 1985లో ప్రదర్శనకు తెచ్చారు, అప్పటికి ఆమె యాభైల మధ్యలో ఉన్నారు. చివరి రచన ‘శరీర’ 2001లో వచ్చింది. ఆమె బృందంలో ఏళ్ల తరబడి నర్తించిన పద్మినీ చెట్టూర్ ఆ తర్వాత తన సొంత భాషతో కొరియోగ్రాఫర్‌గా నిలబడ్డారు. ముందు మరొకరి ఆలోచనకు తన శరీరాన్ని ఇచ్చి, ఆ అనుభవంతో సొంత ఆలోచనకు రావడం ఈ రంగంలో బాగా నడిచిన దారి. కాబట్టి 24 ఏళ్లకు కొరియోగ్రాఫర్‌గా మీకు ఆలస్యమేమీ కాలేదు. డాన్సర్‌గా మాత్రం వాయిదా వేయగలిగిన ఏళ్లు ఎక్కువ లేవు. రాబోయే నాలుగైదేళ్లు శరీరానికి ఇచ్చి, కూర్పును పక్కన చిన్నచిన్న ప్రయత్నాలుగా సాగనివ్వడం ఒక పద్ధతి. నాకు కూర్పే ముఖ్యం, ఇతరుల బృందాల్లో నర్తించాలని లేదని మీరు తేల్చుకుంటే, ఉద్యోగం మానేయవలసిన తొందర సగం తగ్గిపోతుంది. ఈ రెండింటిలో ఏది మీదో నేను చెప్పలేను. మీ ఉత్తరంలో మాత్రం ఇతరుల బృందాల ప్రస్తావన ఒక్కసారే వచ్చింది, నాయనమ్మ సోలో గురించి రెండు పేజీలు ఉన్నాయి.

శరీరం విషయంలో మీరు సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు. పదకొండేళ్ల కూచిపూడి మీకు లయ, ఓర్పు, కాళ్ల బలం, వందలాది కదలికలను గుర్తుపెట్టుకునే శక్తి ఇచ్చింది. అదే సమయంలో మోకాళ్లు పక్కలకు తెరిచి, నడుము పైభాగాన్ని నిలువుగా నిలిపే అలవాటు కూడా ఇచ్చింది. సమకాలీన శిక్షణ అడిగేవి వేరు: బరువును నేలకు అప్పగించడం, పడి దొర్లి లేవడం, వెన్నెముకను వంచి వదిలేయడం, మరొకరి బరువును మోయడం, తన బరువును మరొకరి మీద నమ్మకంగా వేయడం. వారానికి రెండు రోజుల క్లాసుతో ఇవి పరిచయమవుతాయి కానీ ఒంటికి పట్టవు. పైగా వారమంతా కుర్చీలో కూర్చుని శనివారం ఒక్కసారిగా నేల మీద దూకే శరీరానికి దెబ్బలు తగలడం సులువు. మీ మోకాలి సంగతి అందుకే నన్ను కలవరపెట్టింది. నేను 29వ ఏట మోకాలి నొప్పితోనే ప్రదర్శనలు ఇస్తూ పోయి, చివరికి పద్నాలుగు నెలలు నృత్యానికి దూరమయ్యాను. మొదటి నెలలోనే చూపించుకుని ఉంటే అన్ని నెలలు పోయేవి కావు. క్రీడాకారులకు వైద్యం చేసే ఫిజియోథెరపిస్టును ఈ నెలలోనే కలవండి. మీరు వెళ్లే స్టూడియో నేల కూడా చూసుకోండి. సిమెంటు మీద నేరుగా టైల్స్ గానీ గ్రానైట్ గానీ వేసిన గదిలో దూకుళ్లు, పడటాలు చేయకూడదు. కింద ఖాళీ ఉంచి చెక్క పరిచి, పైన వినైల్ షీటు వేసిన నేల ఉన్నచోటికి మారడానికి గంట ప్రయాణం ఎక్కువైనా మారండి.

ఇక జీవనోపాధి. మన దేశంలో సమకాలీన నృత్య ప్రదర్శనల పారితోషికంతోనే ఇల్లు గడుపుకునేవారిని నా ఇన్నేళ్ల అనుభవంలో చేతివేళ్ల మీద లెక్కపెట్టగలను. మిగిలినవారంతా పాఠాలు చెప్పి, స్కూళ్లలో పనిచేసి, నాటకాలకు కదలికలు కూర్చి, ప్రకటనలకు, పెళ్లిళ్లకు పనిచేసి బతుకుతున్నారు. వారి సొంత రచనలు ఆ సంపాదన మీద నిలబడుతున్నాయి. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. ఉద్యోగం మానేస్తే మీరు నృత్యంతో బతుకుతారని అనుకుంటున్నారు. నిజానికి ఒక ఉపాధి వదిలి మరో ఉపాధి వెతుక్కుంటారు. అప్పుడు మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఏ ఉపాధి రోజుకు మూడు గంటల అలసట లేని శరీరాన్ని నాకు మిగులుస్తుంది? రోజుకు ఆరు పిల్లల బృందాలకు పాఠం చెప్పి వచ్చిన డాన్సర్‌కు సాయంత్రం సొంత సాధనకు ఒళ్లు సహకరించదు. మీ కంపెనీలో మధ్యాహ్నం మొదలయ్యే షిఫ్టు దొరికి, ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా మీదయితే, ఆ ఉద్యోగం చాలామంది పూర్తికాలపు డాన్సర్లకు లేని సౌకర్యం అవుతుంది.

బెంగళూరు సంగతి చూద్దాం. సమకాలీన నృత్యానికి మన దేశంలో బెంగళూరు ఒక ముఖ్య కేంద్రమే. 1992లో అక్కడ మొదలైన నృత్య సంస్థ ఆట్టక్కళరి మన సంప్రదాయ శరీర విద్యలనూ పాశ్చాత్య శిక్షణనూ కలిపి డిప్లొమా నడపడంతో, దక్షిణాది నుంచి ఎంతోమంది యువత ఆ ఊరి దారి పట్టారు. మీరు ఏ సంస్థ పేరూ రాయలేదు కాబట్టి, ఎక్కడ చేరినా ఫీజు కట్టే ముందు ఈ ఏడాది ఎవరెవరు పాఠం చెబుతున్నారో, రోజుకు ఎన్ని గంటలో, గత బ్యాచ్ వాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో అడిగి, వీలైతే ఒక వారం అతిథిగా క్లాసులు చేసి చూడండి. డబ్బు లెక్క మాత్రం ఇప్పుడే వేసుకోవచ్చు. గది పంచుకుని, పొదుపుగా ఉన్నా నెలకు 25,000 అవుతుందని అనుకుంటే ఏడాదికి మూడు లక్షలు. ఇంటికి పంపే 20,000 ఆగకూడదంటే మరో 2,40,000. ఫీజు కలపకముందే 5,40,000 అయింది, మీ దగ్గర ఉన్నది 3,80,000. ఈ సంవత్సరమే వెళ్తే ఏడెనిమిది నెలలకే డబ్బు చింత మొదలవుతుంది, ఆ చింతతో చేసిన శిక్షణ ఒంటికి పట్టదు. నెలకు 20,000 చొప్పున ఇంకో ఏడాది దాచగలిగితే చేతిలో 6,20,000 ఉంటాయి, తమ్ముడు ఉద్యోగంలో చేరి వాయిదాల్లో కొంత పంచుకుంటాడు, ఈలోపు మోకాలు బాగవుతుంది. ఆ ఏడాది వృథా అవుతుందని మీకు అనిపించవచ్చు. ఉదయపు సాధన, రెండు మూడు వారాల పాటు సాగే శిక్షణ శిబిరాలకు సెలవులు, మోకాలికి చికిత్స, ఇవన్నీ ఆ ఏడాదిలో పట్టేంత పని. అయితే ఈ దారిలో ఒక ప్రమాదం ఉంది: జీతం పెరిగి, వాయిదా మీద కారు వచ్చి, ఏడాది మూడేళ్లయ్యే అవకాశం. దాన్ని ఆపేది తేదీ ఒక్కటే. ఆ తేదీని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

మరో సంగతి, ఇది త్వరగా చూడాలి. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ యువ కళాకారులకు ఇచ్చే స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్ల వారికే. నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు, గురువు దగ్గర కనీసం అయిదేళ్ల శిక్షణ ఉండాలి. మీ కూచిపూడి శిక్షణ అందుకు సరిపోతుంది కానీ వయసు గడువు దగ్గరపడింది. ఉద్యోగంలో ఉన్నవారికి ఏమేం షరతులున్నాయో ఆ ప్రకటనలో చదివి, అవసరమైతే అడిగి తెలుసుకోండి. కూర్పు వైపు వెళ్తే, బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కళాకారుల సొంత ప్రాజెక్టులకు గ్రాంట్లు ఇస్తుంది. చెన్నైలోని ప్రకృతి ఫౌండేషన్ యువ కొరియోగ్రాఫర్ల కోసమే ఒక సమకాలీన నృత్య పురస్కారాన్ని నెలకొల్పింది. ఈ సంస్థలు అడిగేది మీ ధ్రువపత్రాలకన్నా మీ ఆలోచననూ, దాన్ని చూపించే వీడియోనూ. పాఠాలు చెప్పడమే భవిష్యత్తు ఉపాధి అనుకుంటే, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నృత్యంలో పీజీ చేయడం కూడా ఆలోచించవలసిన దారి; స్కూళ్లు, కాలేజీలు డిగ్రీ అడుగుతాయి.

సినిమా అసిస్టెంట్ పని గురించి డాన్సర్లలో చులకన భావం ఉంది. నాకు అది లేదు. రాత్రికి రాత్రి పాటకు స్టెప్పులు కూర్చడం, నలభై మంది గ్రూప్ డాన్సర్లను ఒక్క తీరున కదిలించడం, కెమెరా ఎక్కడుంటే కదలిక ఎలా మారుతుందో గ్రహించడం అక్కడ నేర్చుకున్నంత వేగంగా ఇంకెక్కడా నేర్చుకోలేరు. కానీ షూటింగ్ ఉన్న రోజు ఉదయం మీది కాదు, రాత్రి మీది కాదు. పని లేని నెలలో ఆదాయమూ ఉండదు. సినిమా డాన్సర్ల సంఘంలో సభ్యత్వ కార్డు, దాని ఖర్చు, మొదటి రోజుల్లో రోజుకు ఎంత ఇస్తారన్నది ముందే మాట్లాడుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అక్కడ ఎదిగితే మీరు సినిమా కొరియోగ్రాఫర్ అవుతారు. అది గౌరవమైన వృత్తే, కానీ మీరు ఉత్తరంలో కోరుకున్న వృత్తి అది కాదు. రెండు మూడు వారాల సెలవు పెట్టి ఒక పాటకు పనిచేసి చూడగలిగితే అది మంచి మధ్యేమార్గం. వెళ్లే ముందు ఆ బృందంలో ఇప్పటికే పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురు అమ్మాయిలతో విడిగా మాట్లాడండి: రాత్రి పూట ఇంటికి వాహనం ఇస్తారా, బట్టలు మార్చుకునే చోటు ఉందా, మాస్టర్ ప్రవర్తన ఎలా ఉంటుంది. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం షూటింగ్ స్థలానికీ వర్తిస్తుంది. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో చెప్పలేని బృందంలో చేరకండి.

సంగీత్ పనికి సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఎన్నడూ అడుగు వేయని అత్తలనూ బాబాయిలనూ నాలుగు రోజుల్లో వేదిక ఎక్కించడం కొరియోగ్రాఫర్ పనే. సగం డబ్బు ముందే తీసుకోండి, ఎన్ని రిహార్సల్సో, ఎన్ని గంటలకు ముగుస్తుందో వాట్సాప్‌లో రాసి ఉంచండి. మీరు కూర్చిన ప్రతిదాన్నీ, ముఖ్యంగా సోలోను, తేదీతో పూర్తిగా వీడియో తీసి పెట్టుకోండి. 1957 కాపీరైట్ చట్టం నృత్య రచనను నాటక రచనల కోవలో గుర్తిస్తుంది కానీ, అది రాతలోనో మరో రూపంలోనో నమోదై ఉండాలి. జ్ఞాపకంలో మాత్రమే ఉన్న నృత్యానికి ఆ రక్షణ దొరకదు.

మీ గురువుగారి దగ్గరికి వెళ్లండి. ఫోన్ చేయవద్దు, మధ్యవర్తిని పంపవద్దు. ఆయనను బాధపెట్టినది వీడియో ఒక్కటే కాదని, పదకొండేళ్లు నేర్పిన శిష్యురాలి సంగతి ఎవరి ఫోన్‌లోనో చూడవలసి రావడం కూడా అని నా అంచనా. ఆయనను ఒప్పించాలనే పట్టుదలతో వెళ్లకండి. చెప్పకుండా చేసినందుకు క్షమించమని అడిగి, ఏం చేస్తున్నారో చెప్పండి. ఆయన కోప్పడవచ్చు, కొంతకాలం మాట్లాడకపోవచ్చు. అలా జరిగినా మీరు దాచడం మానేస్తారు, అది మీ సాధనకే మేలు. మీ మనసు కుదుటపడటానికి ఒక మాట చెబుతాను, ఆయనతో వాదించడానికి వాడుకోకండి. భాగవతుల మేళాల్లో స్త్రీ పాత్రలనూ పురుషులే ధరించిన కూచిపూడిని స్త్రీలకు ఏకపాత్ర నృత్యంగా నేర్పడానికి వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు పూనుకున్నప్పుడు అది కొత్తే. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, నృత్య నాటకాలు రూపొందించి, మీ గురువుగారి తరానికి తెలిసిన కూచిపూడి రూపాన్ని తీర్చిదిద్దారు. నటరాజ రామకృష్ణ గారు రామప్ప గుడి శిల్పాలనూ జాయప సేనాని రాసిన నృత్యశాస్త్ర గ్రంథం ‘నృత్తరత్నావళి’నీ ఆధారం చేసుకుని కాకతీయుల నాటి పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. వీరంతా సంప్రదాయాన్ని లోతుగా తెలిసి మార్చినవారు. మీ కూచిపూడి సాధన ఆపకండి అని నేను చెప్పడానికి కారణం కూడా అదే.

అమ్మానాన్నలతో ‘నా కల’ అన్న మాటతో మొదలుపెట్టవద్దు. పైన వేసిన లెక్కను కాగితం మీద రాసి చూపించండి: వాయిదాలు ఆగవు, ఫలానా నెలలో వెళ్తాను, ఫలానా నెలకు శిక్షణ అయిపోతుంది, ఆ తర్వాత ఆరు నెలల్లో పాఠాల ద్వారా ఇంత సంపాదన లేకపోతే మళ్లీ ఉద్యోగం చూసుకుంటాను. సంబంధాలు చూడటం మానమని అడిగితే వారు ఒప్పుకోకపోవచ్చు. మీ పని గురించి పెళ్లిచూపుల కంటే ముందే ఎదుటివారికి చెప్పాలని మాత్రం షరతు పెట్టండి. దాచి కుదుర్చుకున్న సంబంధం మీ మీద పెట్టే భారం, అప్పు కన్నా ఎక్కువ.

చివరికి మీ సోలో. మీ స్నేహితురాలూ గురువుగారూ విరుద్ధమైన మాటలు అన్నట్టు కనిపించినా, ఇద్దరూ ఒకే చోట వేలు పెట్టారని నేను అనుకుంటున్నాను. మీరు రాసిన వర్ణన ప్రకారం, ఆకు పట్టుకోవడానికి హస్తం (చేతి ముద్ర) పట్టారు, దారం చుట్టడానికి ముంజేతిని సొగసుగా తిప్పారు, కూలీ అలసటను ముఖంలో అభినయించారు. అంటే పొగాకు పనిని చూపించారు, చేయలేదు. కూచిపూడిలో చూపించడం ఒక మహా విద్య, అక్కడ అది సరైనదే. కానీ ఈ సోలోలో గజ్జెలు, ఆహార్యం (వేషధారణ), పాట సాహిత్యం తీసేశాక ఆ చూపించడానికి ఆసరా పోయింది, దాని స్థానంలో మరొకటి రాలేదు. తొమ్మిది నిమిషాలనూ పక్కన పెట్టి, ఒక్క పనితో మళ్లీ మొదలుపెట్టండి. ఎడమ చేత్తో ఆకులు అందుకుని, కుడి చేత్తో దారం తిప్పి, ముడి బిగించి, కర్ర మీద జరపడం. ముఖంలో ఏమీ పెట్టకుండా, సంగీతం లేకుండా, ఇరవై నిమిషాలు అదే చేయండి. ఎక్కడో ఒకచోట భుజం అలసి, బరువు ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి దానంతట అదే మారుతుంది. నడుము ఒక పక్కకు వాలుతుంది. ఊపిరి ముడి దగ్గర ఆగుతుంది. మీరు కూర్చని ఆ కదలికలను గమనించి రాసుకోండి. మీ కూచిపూడి లయ దానికి అడ్డం రాదు. కూచిపూడిలో ఇత్తడి పళ్లెం మీద ఆడే తరంగంలో పళ్లెం అంచు మీద పాదాన్ని నిలిపి ఆడిన మీకు, ఒక కట్టుబాటు లోపల కదలికను వెతకడం ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఐదు నిమిషాలు తయారయ్యాక, బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికలో పది మందికి చూపించి, ‘బాగుందా’ అని కాకుండా ‘ఏం చూశారు’ అని అడగండి.

మీ నాయనమ్మ ఊళ్లోనే ఉన్నారని, చేతులు వణుకుతున్నా ఇప్పటికీ ముడి వేసి చూపించగలరని రాశారు. సంక్రాంతి నాటికి మీ వైపు బ్యారన్ల దగ్గర పని మొదలై ఉంటుంది కదా. ఈసారి సెలవుకు వెళ్లినప్పుడు ఫోన్ లోపల పెట్టి, ఒక పూట ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ తప్పు పట్టేదాకా మీరే ఆకు కట్టండి. వీడియో మర్నాడు తీయవచ్చు.